కన్ను తెరవని సింహం ఇంట్లో ఉండగా జూకు ప్రయాణం

ఇది నేను ఎప్పుడో రాసి ఉండాల్సింది. రాయడం రాక రాయలేదు, అంతే. చిన్నప్పుడు నంద్యాలలో మా ఇంటికి ఎదురుగానే బడి ఉండేది. పొద్దున గంట కొడితే మా ఇంట్లోకి వినపడేది. కానీ ఆ గంట మా అన్నకే గానీ నాకు కాదు. పెళ్లయి ఆళ్లగడ్డకు వచ్చినాక అక్షరాలకు కొదవ లేదు. మాది రాతి విగ్రహాలు చెక్కే ఇల్లు. ఫలానా వాళ్ళు చేయించినారు అని పీఠం మీద మగవాళ్ళు పేర్లు చెక్కేవాళ్ళు. ఆ అక్షరాల చుట్టూ నీళ్ళు పోసి, సానరాయితో రుద్ది నునుపు చేసే పని నాది. ఎన్ని ఊళ్ళ వాళ్ళ పేర్లు నా చేతి కింద నునుపు తేలినాయో. ఒక్కటి కూడా ఏమని ఉందో నాకు తెలీదు. సున్న లోపల బురద ఎట్లా పట్టుకుంటుందో, తలకట్టు కింద వేలు ఎక్కడ ఆగుతుందో మాత్రం తెలుసు. తల నెరిసినాక, మనవరాలు పలక పట్టిన రోజుల్లో దాని పక్కన కూర్చుని నేనూ దిద్దుకున్నా. చెయ్యి తొందరగానే తిరిగింది. ఎప్పటి నుంచో రుద్దిన అక్షరాలే కదా.

రాయడం వచ్చినాక ముందు రాయాలనుకున్నది మా హైదరాబాదు జూ ప్రయాణం సంగతి. ప్రయాణం కంటే, ప్రయాణానికి ముందు మా ఇంట్లో జరిగిన గందరగోళం. అందులో సగం నాకు అప్పుడు అర్థం కాలేదు. కొంత ఇప్పటికీ కాలేదు.

అప్పుడు ఇంట్లో ఉండేది నలుగురం. మామ, మా ఆయన, నేను, రెండో తరగతి చదివే మా పాప. అత్త నేను కాపురానికొచ్చిన కొన్నాళ్ళకే పోయింది. మామకు అప్పటికే ఎడమ కన్ను పోయి ఉండె. నీటికాసులు అన్నాడు నంద్యాలలో కంటి డాక్టరు. కుడి కంటికి కూడా చుట్టూ మసక వచ్చింది, నడిమధ్య మాత్రం చూపు ఉంది, అది ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేను, పోయిన చూపు మాత్రం తిరిగి రాదు అని చెప్పినాడు. మామ ఆ మాట విని బయటికొచ్చి బస్టాండులో మిరపకాయ బజ్జీలు తిన్నాడు. మళ్ళీ ఆ సంగతి తను ఎత్తలేదు, మమ్మల్నీ ఎత్తనీలేదు.

అప్పుడు ఇంటి ముందర రాళ్ళు చెక్కే పాకలో ఉన్న పని ఒక సింహం. బేతంచెర్ల పక్క ఒక పల్లె వాళ్ళు అమ్మవారి గుడి ముందర నిలబెట్టుకోవడానికి చేయించుకుంటున్నారు. కాళ్ళు, ఒళ్ళు, తోక మా ఆయన తీసినాడు. ముఖం మామది. ఏ విగ్రహానికైనా ముఖం మామే తీసేవాడు. అది అడగాల్సిన సంగతి కాదు మా ఇంట్లో.

మాఘమాసంలో మా అన్న చూసిపోదామని వచ్చినాడు. నంద్యాల పత్తి మిల్లులో గుమాస్తా. మిల్లు పని మీద హైదరాబాదు పోయి, అక్కడ జూ చూసి వచ్చినాడు. అన్నం తింటూ దాని సంగతే చెప్పినాడు.

"ఈ కొస నుంచి ఆ కొసకు నడిస్తే కాళ్ళు పడిపోతాయి బావా. అంత పెద్దది. సింహాలను అడివి మాదిరి చేసి వదిలిపెట్టినారు. మనల్ని బస్సులో ఎక్కించి తిప్పుతారు. మనం జాలీ లోపల, అవి బయట."

"అంటే బోన్లో ఉండేది మనమా?" అంది పాప.

"మనమే. అవి వచ్చి చూసి పోతాంటాయి."

మామ ముద్ద కలపడం ఆపినాడు. "నడిచేటప్పుడు తల యాడ పెడతాది? ఎత్తుకుంటాదా, దించుకుంటాదా?"

అన్న నా వైపు చూసినాడు. "నేను సోడా తాగతాంటి మామా. అంత గమనించలే."

మా ఆయన నవ్వినాడు. మామ నవ్వలేదు. "చిన్నప్పటి నుంచి సింహాలు చేస్తాండా. అది మా నాయన చూపిచ్చిన సింహం. ఆయనకు వాళ్ళ నాయన చూపిచ్చినాడు. మాలో చూసినోడు ఒకడూ లేడు. ఒకసారి చూస్తే బాగుండు" అని మళ్ళీ ముద్ద కలుపుకున్నాడు.

తనకు ఫలానాది కావాలని మామ నోటి నుంచి నేను విన్నది అదే మొదలు. మా ఆయన చెయ్యి కడుక్కోకముందే పోదాం అన్నాడు. శివరాత్రి దాటినాక పల్లె వాళ్ళకు ముహూర్తం ఉంది. ఆ రోజు సింహానికి కళ్ళు తెరిచి, బండెక్కించి పంపి, ఆ వారమే అందరం హైదరాబాదు పోయి రావాలని అనుకున్నాం. ఎండలు ముదిరితే ప్రయాణం కష్టం అని పైకి చెప్పుకున్నాం. అసలు భయం వేరే. ఆలస్యమైతే సింహం ఉంటుంది, మామకు చూపు ఉండదు.

ఇంక అక్కడి నుంచి పూటకొక మాట. అన్న నంద్యాలలో ఉండి బస్సు కండక్టరు చేత కబురు పంపేవాడు. ఆ బస్సు మా పాక ముందర నుంచే పోయేది. డ్రైవరు నిదానం చేస్తే కండక్టరు తల బయట పెట్టి చెప్పి పోయేవాడు. "రైలుకు పోదాం అన్నాడప్పా మీ బావ." మళ్ళీ రెండు రోజులకు, "రైలు మారల్లంట, పిల్లతో కష్టమంట, రాత్రి బస్సే మేలంట." మేము అడిగేది వినేలోపల బస్సు పోయేది. ఒకనాడు, "జూకు వారంలో ఒక పొద్దు సెలవంట, ఏ పొద్దో కనుక్కుంటాండాడంట" అని చెప్పి పోయినాడు. దాని మీద ఆ రోజంతా ఇంట్లో వాదన.

"జంతువులకు సెలవేంది?" అన్నాడు మామ. "ఆ పొద్దు యాడికి పోతాయి అవి?"

"యాడికీ పోవు నాయనా. మనల్ని రానీరు."

"అట్లయితే సెలవు మనకు. వాటికి కాదు."

తిండి సంగతీ అంతే. నేను జొన్నరొట్టెలు పలచగా తట్టి, కట్టెల మాదిరి ఎండేదాకా కాల్చి, చెనక్కాయల పొడి కొట్టి మూట కట్టినా. తిండి లోపలికి తేనీరంట, కోతులు గుంజుకుంటాయంట అని కబురొచ్చింది. మూట విప్పి మేమే తిన్నాం. అది కాదు, చెట్ల కింద కూర్చుని తినొచ్చంట అని ఇంకో కబురు. మళ్ళీ రొట్టెలు తట్టినా. ఆ నెలలో మా ఇంట్లో ఎక్కువ తిన్నది ప్రయాణం రొట్టెలే. పాప బడికి కూడా అవే కట్టుకుపోయి, హైదరాబాదు నుంచి తెచ్చినవని చెప్పుకుందంట.

మామ తయారీ వేరే. కొత్త నూలుతాడు తీసుకుని దానికి ముడులు వేసుకుంటూ కూర్చున్నాడు. విగ్రహానికి ముఖం ఎంత ఉంటే ఒళ్ళు ఎన్ని ముఖాలుండాలో చూసే కొలతతాడు అది.

"అదెందుకు నాయనా ఇప్పుడు?" అన్నాడు మా ఆయన.

"కొలిచేకి."

"సింహాన్ని నిలబెట్టి కొలుస్తావా?"

"మీ బావ పట్టుకుంటాడులే. సోడా తాగేకంటే అది మేలు గదా."

పక్క పాక వాళ్ళు ఊరికే ఉంటారా. అహోబిలం నరసింహస్వామిని పక్కన పెట్టుకుని సింహం కోసం హైదరాబాదు పోతారా అని ఎగతాళి చేసినారు. "సామి కింద సగం మనిషే గదప్పా. నాకు నాలుగు కాళ్ళది కావల్ల" అన్నాడు మామ.

అన్న చివరికి రాత్రి బస్సు అని తేల్చి, సీట్లు రాయించినాడు. పొద్దున ఇక్కడ బస్సెక్కి నంద్యాల పోవడం, పగలంతా అన్న ఇంట్లో ఉండడం, రాత్రికి హైదరాబాదు బస్సు. హమ్మయ్య అనుకున్నా. ఆ మరుసటి రోజే పల్లె నుంచి మనిషొచ్చినాడు. ఊరి పెద్ద ఇంట్లో చావంట. మైల. ముహూర్తం ఉగాది దాటినాకే అని చెప్పి, మజ్జిగ తాగి పోయినాడు.

నేను మజ్జిగ గ్లాసు కడిగి లోపల పెట్టినా. మనకేం, సింహం పాకలో ఉంటుంది, వచ్చినాక కళ్ళు తెరిస్తే సరిపోతుంది అనుకున్నా. బయటికొచ్చి చూస్తే మామ తాడుకు వేసిన ముడులు ఒక్కొక్కటే విప్పుతున్నాడు.

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. వేరే ఇళ్ళలో ఉందో లేదో నాకు తెలీదు. సింహానికి నోరు తెరిచినాక, కళ్ళు తెరిచేదాకా, ముఖం మీద ఉలి పెట్టిన మనిషి పొలిమేర దాటకూడదు. ముఖానికి తెల్లగుడ్డ కట్టి ఉంచుతారు, పని చేసేటప్పుడే విప్పుతారు. ఎందుకని నేను కొత్తలో అడిగితే మామ చెప్పినాడు. "నోరుండి కన్ను లేనిదానికి ఆకలి తెలుస్తాది, దారి తెలీదు. చేసినోడు పక్కనుండల్ల." మా సింహానికి అప్పటికే పళ్ళు, నాలుక తీసినారు. కళ్ళ దగ్గర ఉత్త గుండ్లున్నాయి.

"మీరు పోండి" అన్నాడు మామ. "పాపకు చూపిచ్చుకోని రాండి. నేను రాను."

నాయన లేకుండా ఎట్లా పోతాం అని మా ఆయన అంటాడనుకున్నా. ఆయన ఆ మాట అనలేదు. "నేనూ రాను" అన్నాడు.

"నీకేం అడ్డం? ముఖం నాది. నువ్వు కాళ్ళు తీసినోడివి. కాళ్ళు తీసినోడు యాడికన్నా పోవచ్చు."

మా ఆయన చేతిలో ఉలి మొన చూసుకుంటూ ఉండిపోయినాడు. నాకు అర్థం కాలేదు. ఇంట్లో అందరికంటే ముందు పోదాం అన్నది ఈయనే. సరే, నేనూ పాపా అన్నతో పోయొస్తాం అన్నా. "నాయన చూడని సింహం మీకెందుకు?" అని నా మీద కసిరినాడు. అదీ అర్థం కాలేదు. అట్లయితే నంద్యాల పోయి సీట్లు వద్దని అన్నకు చెప్పి రా అన్నా. చొక్కా వేసుకుని బస్టాండుకు పోయినాడు. మధ్యాన్నానికి తిరిగొచ్చి చొక్కా కొక్కేనికి తగిలించినాడు.

"బస్సు రాలేదా?"

"వచ్చింది."

"మరి?"

"ఎక్కలే."

అన్నం పెట్టినా.

తెల్లారి నాకు తెలిసింది. మా ఆయన రోజూ మామ కంటే ముందు లేచి పాకలోకి పోయేవాడు. ఉలులు నూరుకోవడానికి అనుకునేదాన్ని. ఆ పొద్దు నీళ్ళ బకెట్టు తీసుకుని నేనూ లోపలికి పోయినా. సింహం ముఖానికి గుడ్డ లేదు. ఈయన, ఎదురుగా నిలబడితే మనకు ఎడమ పక్కకొచ్చే దవడ మీద చిన్న ఉలితో, చప్పుడు రాకుండా సుత్తికి గుడ్డ చుట్టుకుని కొడుతున్నాడు.

"నాయనకు ఆ పక్క కనపడ్డంలే" అన్నాడు నన్ను చూసి. "కుడి దవడ లేచి వస్తాంది, ఎడమది అట్లనే ఉండిపోతాంది. పొద్దున పొద్దున సరిచేస్తాండా."

"ఎప్పటి నుంచి?"

"నోరు తెరిచినప్పటి నుంచి."

"ఆయనకు చెప్పు."

"చెప్తే ఉలి కింద పెడతాడు. పెడితే మళ్ళీ పట్టడు." సుత్తికి చుట్టిన గుడ్డ సర్దుకున్నాడు. "ఇప్పుడు నేను నంద్యాలకు పోయినా కట్టు తప్పినట్టే. పోకుంటే నాయన ఎందుకని అడుగుతాడు."

నేను బకెట్టు దించి అక్కడే కూర్చున్నా. లెక్క వేసుకుంటే ఎటూ తేలలేదు. ముఖం మామది అంటే మామ పోకూడదు. మా ఆయనది అంటే మా ఆయన పోకూడదు. ఇద్దరిదీ అంటే ఇద్దరూ పోకూడదు. ఎట్లా తిప్పినా, సింహాన్ని చూడాల్సిన మనిషి ఇంట్లోనే ఉంటాడు. ఉగాది దాటేదాకా ఆగుదామంటే ఆయన కన్ను ఆగుతుందో లేదో. నిజం చెబితే మామ చేతిలో ఉలి పోతుంది. చెప్పకుంటే ఆయన సింహాన్ని చూసే వీలు పోతుంది. నేను ఏ పక్క నిలబడాలో నాకు తెలియలేదు. అటు ఇటు కాకుండా ఎడమ దవడ మీద నీళ్ళు పోసి దుమ్ము కడిగినా.

ప్రయాణానికి ముందు రోజు మధ్యాన్నం అన్న దిగినాడు. తీసుకుపోదామని కాదు, కండక్టరు చేత కట్టు సంగతి విని, ఏం తేలిందో తెలుసుకుందామని.

"ఏమే, మూటలు యాడ? రొట్టెలు మళ్ళీ తినేసినారా?"

"తట్టినా అన్నా. ఎవరికో తెలీక ఊరికే పెట్టినా."

"పోయేదెవరు, ఉండేదెవరు, తేల్చి చెప్పండప్పా. బస్సోళ్ళకు నేనేం చెప్పల్ల?"

అన్న నవ్వుతూ మా ఆయన వైపు తిరిగినాడు. "కట్టు మామకు గదా బావా. నువ్వెందుకు ఈడ మేకు మాదిరి నిలబడినావు? నీ ముఖానికి కూడా గుడ్డ కట్టినారా?"

మా ఆయన ముఖం ఎర్రబడింది. అప్పుడు మామ మంచం మీద నుంచి లేచినాడు.

"అమ్మీ, చెయ్యి పట్టు."

పట్టుకున్నా. పాకలోకి తీసుకుపొమ్మన్నాడు. వెనకనే మా ఆయన, అన్న, పాప. మామ సింహం ముందర నిలబడి గుడ్డ ముడి తనే విప్పినాడు. కుడి దవడ మీద చెయ్యి పెట్టి, మెల్లగా ముక్కు మీదుగా ఎడమ పక్కకు తెచ్చినాడు. చెయ్యి ఎడమ దవడ మీద ఆగింది.

"ఇది ఎవురి ఉలి?"

మా ఆయన తల దించుకున్నాడు. మామకు అది కనపడలేదు, అడిగింది జవాబు కోసం కూడా కాదు.

"నా ఉలి కొట్టిన చోట గీత కిందికి పోతాది. నీది పక్కకు పోతాది. చిన్నప్పటి నుంచి చెప్తాండా పక్కకు పోనీయొద్దురా అని. వినవు." వేలు మళ్ళీ ఒకసారి పోనిచ్చినాడు. "ఈడ పోనిచ్చింది బాగుంది."

"ఎప్పుడు తెలిసింది నాయనా?"

"నువ్వు మొదలుపెట్టిన మర్నాడే. రోజూ ఆ పక్క కొంచెం వదిలిపెట్టి పోతాంటి. నువ్వు చేస్తాండావని."

ఇన్నాళ్ళూ తండ్రికి తెలియకూడదని కొడుకు సుత్తికి గుడ్డ చుట్టుకుంటే, కొడుక్కి తెలియకుండా తండ్రి పని మిగిల్చి పోయినాడు. నేను మాత్రం ఇద్దరికీ పొద్దున్నే కాఫీ పెట్టి ఇచ్చుకుంటూ ఉన్నా.

అన్నకు ఇదంతా సగమే అర్థమైంది. "ఇంతకీ ఎవురు పోకూడదు మామా?" అన్నాడు.

మామ గుండ్లుగా ఉన్న కళ్ళ మీద బొటనవేలు పెట్టి చూసినాడు. "కుడి పక్క నా పని అయిపాయ. ఉండేదంతా ఎడమ పక్క, కళ్ళు. పని అయిపోయినోనికి కట్టు లేదు. పని ఉన్నోడే కదలకూడదు."

మామ ఎప్పుడూ చెప్పిన కట్టుబాటులో ఆ మాట లేదు. ముఖం మీద ఉలి పెట్టినవాడు అనే చెప్పేవాడు, పని ఉన్నవాడు అని కాదు. అది వాళ్ళ నాయన నుంచి వచ్చిన మాటో, ఆ పాకలో నిలబడి అప్పటికప్పుడు చెప్పిన మాటో నాకు ఇప్పటికీ తెలీదు. మా ఆయన్ను ఎన్నిసార్లు అడిగినా నాయన చెప్పినాడు గదా అనేవాడు.

"కళ్ళు నువ్వు తెరువు నాయనా" అన్నాడు మా ఆయన. "అవి నాకు చాతగాదు."

"నేను చూసొచ్చి చెప్తా. ఎట్లుంటాయో, యాడ చూస్తాయో. చేసేది నువ్వే." మామ నడుముకు చుట్టుకున్న కొలతతాడు తీసి కొడుకు చేతిలో పెట్టినాడు. "ఇది ఈడనే ఉండనీ. జూ సింహం కొలిచేకి నిలబడదంటాండారు గదా."

పాప అడిగింది, "మరి నాయనకు సింహం?"

"మీ నాయన దగ్గర ఒకటుంది గదే" అన్నాడు మామ. పాపకు అది నచ్చలేదు. బస్సు చుట్టూ తిరిగే సింహం వేరే అంది.

మరుసటి రోజు పొద్దున నేను రొట్టెల మూట విప్పి రెండు మూటలు చేసినా. చిన్నది తీసుకుపోయి పాకలో ఉలుల పక్కన పెట్టినా. మా ఆయన దవడ మీదే వంగి ఉన్నాడు. సుత్తికి గుడ్డ లేదు, చప్పుడు రోడ్డు దాకా వినపడుతోంది. బస్సు వచ్చి నిలబడింది. కండక్టరు తల బయట పెట్టి, "రైలా బస్సా, తేలిందా మా?" అన్నాడు. అన్న ముందు ఎక్కి సీట్లు పట్టినాడు. పాపను ఎక్కించి, మామ చెయ్యి తీసి కమ్మీ మీద పెట్టి ఎక్కించినా. కిటికీ దగ్గర మామ. ఆయనకు ఎడమ పక్కన మూట ఒళ్ళో పెట్టుకుని నేను కూర్చున్నా. ఆ పక్క ఆయనకు కనపడదు.